హిమాయత్‌నగర్ శనివారపు తరగతిలో థ్యూసిడిడీస్: ఒక సమీక్ష

హిమాయత్‌నగర్‌లో ఒక విశ్రాంత ఆచార్యులు తమ ఇంటి మేడ మీద శనివారం సాయంత్రాలు నడిపే పఠన తరగతికి ఈసారి ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థ్యూసిడిడీస్‌ను ఎంచుకున్నారు. రుసుము 2,500 రూపాయలు. పాఠం తెలుగులో సాగుతుంది, చదవడానికి ఆంగ్లానువాదం చేతికిస్తారు. క్రీ.పూ. 431లో ఏథెన్స్‌కూ స్పార్టాకూ మధ్య మొదలైన యుద్ధం గురించి థ్యూసిడిడీస్ రాసిన చరిత్ర ఎనిమిది భాగాలు కనుక, వారానికి ఒక భాగం చొప్పున పూర్తిచేశారు. ఏ సంఘటన పక్కన ఏ సంఘటనను పేర్చాడన్న దానిలోనే ఈ చరిత్రకారుడి ఆలోచన ఉందనీ, అది అందాలంటే వరుస తప్పకుండా చదవాలనీ ఆచార్యులు మొదటి రోజే చెప్పి, చివరిదాకా ఆ మాట మీదే నిలబడ్డారు. ఈ తరగతి విలువంతా అక్కడే ఉంది.

రెండో భాగంలో, యుద్ధం తొలి ఏడాదిలో మరణించినవారి అంత్యక్రియల వేళ ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్ చేసిన ప్రసంగాన్ని చాలామంది విడిగా చదివి ఉంటారు. అలా చదివితే అది ఏథెన్స్‌కు పట్టిన హారతిలా ఉంటుంది. గ్రంథంలో మాత్రం ఆ ప్రసంగం ముగిసీ ముగియగానే వేసవి వస్తుంది, నగరంలో మహమ్మారి చెలరేగుతుంది, ఒకరి కోసం పేర్చిన చితి మీద మరొకరు తమవాళ్ల శవాన్ని పడేసి వెళ్లిపోతారు. చట్టానికి తలవంచే నగరమని పెరిక్లిస్ పొగిడిన కొద్ది పేజీలకే, దైవభీతీ చట్టభయమూ రెండూ పోయిన నగరాన్ని చూస్తాం. తానూ ఆ జబ్బున పడి లేచిన రచయిత, ఈ రెండింటినీ కలుపుతూ ఒక్క వ్యాఖ్య కూడా చేయడు.

మూడో భాగం మీద జరిగిన పాఠం అన్నిటికంటే గొప్పది. తిరుగుబాటు చేసి లొంగిపోయిన మిటిలీని నగరంలో వయసు వచ్చిన మగవారందరినీ చంపాలని క్రీ.పూ. 427లో ఏథెన్స్ సభ తీర్మానించి, ఆ ఆజ్ఞతో ఓడను కూడా పంపేసి, మర్నాడు పశ్చాత్తాపపడి మళ్లీ సమావేశమవుతుంది. చంపి తీరాలని క్లియోన్, వద్దని డయోడోటస్ వాదిస్తారు. ఉద్యోగపర్వంలోని రాయబారాలు వింటూ పెరిగిన మనకు ఇలాంటి సభ కొత్త కాదు. అయితే డయోడోటస్ జాలి చూపమని అడగడు, చంపడం వల్ల ఏథెన్స్‌కు లాభం లేదని మాత్రమే లెక్కగట్టి చూపిస్తాడు. స్వల్ప ఆధిక్యంతో ఆయన మాట నెగ్గాక, మొదటి ఓడను అందుకోవడానికి రెండో ఓడ బయలుదేరుతుంది. ఆచార్యులు ఈ చిన్న పేరాను వాక్యం వాక్యంగా చదివించారు. తెడ్లు ఆపకుండానే నావికులు ద్రాక్షసారా, నూనె కలిపిన బార్లీ పిండి తింటారు, వంతులవారీగా నిద్రపోతారు. చేయబోయే పని మీద మనసు లేని మొదటి ఓడ నెమ్మదిగా సాగుతుంది. మిటిలీనిలో ఉన్న ఏథెన్స్ సేనాని ఆజ్ఞాపత్రం చదివి అమలుకు సిద్ధమవుతుండగా రెండోది రేవు చేరుతుంది. మనం ఊపిరి పీల్చుకునేలోపే, స్పార్టాకు లొంగిపోయిన, ఏథెన్స్ మిత్రనగరమైన ప్లాటీయా పౌరుల విచారణ వస్తుంది. ఈ యుద్ధంలో మాకు ఏమైనా మేలు చేశారా అన్న ఒకే ప్రశ్న వేసి, కనీసం రెండు వందల మందిని చంపుతారు. మిటిలీనిని కాపాడిన లాభనష్టాల లెక్కే ఇక్కడ ప్రాణాలు తీసింది. ఈ రెండు ఘట్టాలను కలిపి చదవడం ఆ సాయంత్రమే నేర్చుకున్నాను.

ఐదో భాగానికి పిలిచిన అతిథి వక్త మాత్రం నిరాశపరిచారు. బలవంతులు చేయగలిగింది చేస్తారు, బలహీనులు భరిస్తారు అని మీలోస్ ద్వీపవాసులతో ఏథెన్స్ దూతలు అన్న మాటలను థ్యూసిడిడీస్ సిద్ధాంతంగా చూపి, అక్కడి నుంచి నేటి అంతర్జాతీయ రాజకీయాల్లోకి వెళ్లిపోయారు. అవి పాత్రల మాటలు. మీలోస్‌ను నాశనం చేసిన ఏథెన్స్ పేజీ తిప్పేసరికి సిసిలీ ద్వీపం మీద ఆశపడి సైన్యాన్ని పంపుతుంది, చివరికి ఆ సైన్యంలో మిగిలినవారు అక్కడి సిరక్యూస్ నగరపు రాతి గనుల్లో బందీలై, కొలిచి పోసే కొద్దిపాటి నీళ్లతో, తిండితో నెలల తరబడి కృశిస్తారు. ఆ వరుసను పక్కనపెట్టి ఆ వాక్యాన్ని రచయితకు అంటగట్టడం అన్యాయం.

ఏర్పాట్లలోనూ లోపాలున్నాయి. సిరక్యూస్ పటం జిరాక్స్ ఎంత మసకగా ఉందంటే, మహానౌకాశ్రయం ఎక్కడో, నగరం పైనున్న ఎపిపోలే ఎత్తులు ఎక్కడో తెలియలేదు. అవి తెలియకుండా ఏడో భాగంలోని రాత్రి యుద్ధం అర్థం కాదు. క్రీ.పూ. 411 దగ్గర అసంపూర్ణంగా ఆగిపోయే ఎనిమిదో భాగంలో నేరుగా చెప్పించిన ప్రసంగాలే లేవు. ఎందుకు లేవన్న చర్చకు సమయం మిగల్లేదు. రెండో భాగానికీ, ఏడో భాగానికీ రెండేసి వారాలు ఇస్తే బాగుంటుంది.

అయినా రుసుముకు మించిన చదువే దక్కింది. మళ్లీ మొదలయ్యే తరగతిలో చేరదలచినవారు మంచి పటం ఒకటి వెంట తీసుకెళ్లాలి, మొదటి భాగం ముందే చదువుకోవాలి. చదవకుండా వచ్చినవారు రెండో వారానికే మానేశారు.