ఫోన్ బ్యాటరీ: జిగురుతో అంటించాలా, విప్పేలా పెట్టాలా?

జిగురుతో అంటిస్తే ఫోన్ సన్నగా వస్తుంది, లోపలికి నీళ్లు పోకుండా చూడటమూ తేలిక. ఆ లాభం నిజమే.

కానీ లిథియం అయాన్ బ్యాటరీ అరిగిపోయే వస్తువు. కొన్ని వందల సార్లు చార్జ్ చేశాక దాని సామర్థ్యం 80 శాతానికి దగ్గరగా పడిపోతుంది. అప్పటికి స్క్రీన్, చిప్, కెమెరా బాగానే ఉంటాయి. జిగురైతే వేడి చేసి మెల్లగా ఊడదీయాలి. బ్యాటరీ వంగినా, చిల్లు పడినా మంటలు రావచ్చు. ఆ టెన్షన్ ఎందుకని చాలామంది ఫోనే మార్చేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే స్మార్ట్‌ఫోన్ కర్బన ఉద్గారాల్లో ఎక్కువ భాగం తయారీలోనే వెలువడతాయి. మనం చార్జింగ్‌కి వాడే కరెంటు వాటా చిన్నది.

విప్పగలిగే బ్యాటరీకి 2021లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 4 మంచి ఉదాహరణ. వెనక మూత తీసి చేత్తోనే మార్చుకోవచ్చు. మందం 10.5 మిల్లీమీటర్లు, నీటి తుంపరలను మాత్రమే తట్టుకుంటుంది. అయినా నా ఓటు దీనికే. రీసైక్లింగ్‌లోనూ బ్యాటరీని ముందే విడదీయాలి కాబట్టి అక్కడా పని సులువవుతుంది. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టం కూడా ఇటే మొగ్గింది: కొన్ని మినహాయింపులు పోగా, 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకోగలగాలి.