తాబేలు గుడ్లు: ఉన్నచోటే ఉంచాలా, హేచరీకి మార్చాలా?

అండమాన్ తీర గ్రామానికి కొత్తగా వచ్చిన వాలంటీరు కంట ముందు పడేవి కుక్కలు తవ్విపోసిన గుంతలు, చెల్లాచెదురైన పెంకులు. ప్రతి గూడునూ హేచరీకి, అంటే గుడ్లను కంచె లోపల మళ్ళీ పాతి కాపాడే చోటికి, మార్చేద్దామనిపిస్తుంది. తొందరపడొద్దు.

మార్చాలంటే తాబేలు గుడ్లు పెట్టిన 2-3 గంటల్లోపే మార్చాలి. గుడ్డును తిప్పకూడదు, కుదపకూడదు. ఆలస్యమయ్యాక కదిలిస్తే పెంకు లోపలి పొరకు అంటుకున్న పిండం ఊడి చనిపోతుంది. ఆలివ్ రిడ్లీ జాతి సముద్ర తాబేలుకైతే సుమారు 45 సెం.మీ. లోతున కూజా ఆకారంలో గుంత తీయాలి, గూటికీ గూటికీ మీటరు ఎడం ఉండాలి. నీడ లేకపోతే ఇసుక వేడెక్కి దాదాపు అన్నీ ఆడవే పుడతాయి, మరీ వేడెక్కితే గుడ్లే చెడిపోతాయి.

ఉన్నచోటే ఉంచితే ఇంత పని లేదు. పైన ఇనుప వల పరిచి అంచులు లోతుగా పాతితే కుక్కలు తవ్వలేవు. వల కళ్ళు మాత్రం పిల్ల దూరేంత వెడల్పుండాలి. పోటు గీతకు పైనున్న గూళ్ళకు మా ఓటు దీనికే. అలలు ముంచేవాటినే హేచరీకి తేవాలి.