మోటర్‌హోమ్‌లో ఇంగమ్: చూసేవి తక్కువ, ఉండటానికి మాత్రం హాయి

ఆస్ట్రేలియా టూర్ అంటే మన హైదరాబాద్‌లో సిడ్నీ, మెల్‌బోర్న్, గోల్డ్‌కోస్ట్. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో చెరకు పొలాల మధ్య ఉన్న ఇంగమ్ పేరు చెబితే ట్రావెల్ ఏజెంటే "అక్కడేముందండీ?" అన్నాడు. నిజమే, గొప్పగా చెప్పుకునేవి ఒకటో రెండో. అయితే పడక, వంట అన్నీ అందులోనే ఉండే మోటర్‌హోమ్ అనే ఇల్లంత బండి వేసుకుని తిరిగేవాళ్ళ అవసరాలు వేరు. రాత్రి బండి ఎక్కడ పెట్టుకోవాలి, నీళ్ళెక్కడ పట్టుకోవాలి, టాయిలెట్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలి అన్నవి తేలకపోతే ఎంత అందమైన ఊరైనా టెన్షనే.

కూకట్‌పల్లి, మల్కాజిగిరి నుంచి వెళ్ళిన మా మూడు కుటుంబాలూ కెయిర్న్స్‌లో మోటర్‌హోమ్‌లు అద్దెకు తీసుకున్నాం. లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉంటే టూరిస్టులు అక్కడ నడపొచ్చు. నాలుగున్నర టన్నుల లోపు బండికి కారు లైసెన్స్ సరిపోతుంది. మనలాగే ఎడమవైపు ప్రయాణం కాబట్టి చెయ్యి తిరగడానికి ఎంతోసేపు పట్టదు. బండి అప్పగించిన కుర్రాడు అన్నీ గబగబా చూపించాడు కానీ, ఏసీ, మైక్రోవేవ్ బయటి కరెంటుకు కలిపితేనే పనిచేస్తాయన్న ముక్క మింగేశాడు. మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు అందరం చెమటలు కక్కాం.

కెయిర్న్స్ నుంచి ఇంగమ్ దాదాపు 235 కిలోమీటర్లు. మధ్యలో టల్లీ అనే ఊళ్ళో 7.9 మీటర్ల ఎత్తున బంగారు రంగు గమ్‌బూటు నిలబెట్టారు. 1950లో అక్కడ పడిన వాన అంత ఎత్తట! ఇంగమ్ ఇంకాసేపట్లో వస్తుందనగా కొండమీద హించిన్‌బ్రూక్ వ్యూ పాయింట్ ఉంటుంది. మడ అడవులు, సముద్రపు పాయలు, అవతల దీవి. ఈ దారిలో నాకు బాగా నచ్చింది ఇదే, పైగా టికెట్ లేదు.

ఇంగమ్ ఊళ్ళో, ఇలాంటి బండ్లు రాత్రి పెట్టుకునే కారవాన్ పార్కులో దిగాం. కరెంటు, నీళ్ళు, వాషింగ్ మెషీన్లు, శుభ్రమైన స్నానాల గదులు అన్నీ ఉన్నాయి. పక్క బండ్లవాళ్ళు ఎక్కువగా రిటైరై నెలల తరబడి తిరిగే దంపతులు. అడక్కుండానే వచ్చి నీళ్ళ పైపు బిగించిపెట్టారు. ఒక్కటే ఇబ్బంది: రాత్రి హైవే మీద లారీల మోత. నిద్ర పలచనివాళ్ళు వెనక వరసలో చోటు అడగండి.

టైటో చిత్తడి నేలల పక్కనున్న సమాచార కేంద్రానికి ముందుగా వెళ్ళడం మంచిది. అక్కడి పెద్దావిడ మ్యాప్ మీద మా బండ్లు వెళ్ళకూడని దారులన్నీ పెన్నుతో కొట్టేసి ఇచ్చింది. అందులో వాలమన్ జలపాతం దారి ఒకటి. ఇరుకు ఘాట్ రోడ్డు, దానికి తోడు రోడ్డు మీద ఆవులు (ఇది మాత్రం మనకు కొత్త కాదు). బండ్లు పార్కులోనే వదిలి కారు మాట్లాడుకుని వెళ్ళాం. 268 మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు ఎక్కడా ఆగకుండా ఒక్క ధారగా పడతాయి. కారు ఖర్చు దండగ కాలేదు. టైటోలో సాయంత్రం నడిస్తే వాలబీలు (కంగారూల్లాంటి చిన్న జంతువులు) గుంపులుగా మేస్తూ కనిపిస్తాయి. మొసళ్ళున్నాయని బోర్డులు పెట్టారు, పిల్లల్ని నీటి అంచుకు పోనివ్వకండి.

మా బోధన్ బాబాయ్‌కి మాత్రం జలపాతం కన్నా చెరకు రైళ్ళే ముద్దు. రెండడుగుల గేజ్ పట్టాల మీద చిన్న ఇంజను పొడవాటి చెరకు పెట్టెల వరసను లాక్కుపోతుంటే, "మన నిజాం షుగర్స్ మూసేశారు, వీళ్ళది చూడు" అంటూ ప్రతి క్రాసింగ్ దగ్గరా నిలబడిపోయేవాడు. ఇక్కడి విక్టోరియా మిల్లు ఆస్ట్రేలియాలోకెల్లా పెద్దదట. పంచదార ఓడలకెక్కించడానికి లూసిండాలో సముద్రంలోకి అయిదున్నర కిలోమీటర్లు దాటి జెట్టీ కట్టారు. పైకి వెళ్ళనివ్వరు, ఒడ్డున నిలబడి చూడటమే. దానికోసం పనిగట్టుకుని వెళ్ళక్కర్లేదు.

తిండి దగ్గర కాస్త తిప్పలే. 1891 నుంచి చెరకు కొట్టడానికి వచ్చిన ఇటాలియన్ల వారసులు ఊరంతా ఉన్నారు కాబట్టి పాస్తా, చీజ్, రొట్టె బాగుంటాయి. శాకాహారులకు అంతకుమించి పెద్దగా దొరకదు, రాత్రి హోటళ్ళ వంటిళ్ళు తొందరగా కట్టేస్తారు. కందిపప్పు, మసాలాలు కెయిర్న్స్‌లోనే కొనుక్కుని బండిలో వండుకోవడం మేలు.

వెళితే జూన్-అక్టోబర్ మధ్యే వెళ్ళండి. చెరకు రైళ్ళు తిరిగేదీ అప్పుడే. మన ఎండాకాలం సెలవులని మేలో బయల్దేరితే సముద్రంలో విషపు జెల్లీ చేపల భయం ఇంకా ఉంటుంది, వలకట్టిన చోట తప్ప దిగకూడదు. అక్కడి వానాకాలం (సుమారు డిసెంబర్-ఏప్రిల్) అసలే వద్దు. 2025 ఫిబ్రవరి వరదల్లో ఊరు మునిగింది, దక్షిణాన ఒల్లెరా క్రీక్ వంతెన కూలి హైవే తెగిపోయింది. ఆ నెలల్లో టికెట్ చవగ్గా వస్తోందని ఎవరైనా ఊరిస్తే ఒప్పుకోకండి.