ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చదివే స్కానర్: వానకాలం దాటేదాకా వాడాక

డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఎయిర్‌బ్యాగ్ దీపాన్ని ఆర్పించుకోవడానికి హైదరాబాద్‌లో పెద్దగా తిరగనక్కర్లేదు. చాలామంది మెకానిక్కులు స్కానర్ తగిలించి, కారు కంప్యూటరు దాచుకున్న లోపం గుర్తును, అంటే కోడ్‌ను, చెరిపేస్తారు. దీపం ఆరుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వెలుగుతుంది. నా కారుకు ఇదే వరస. అది వెలుగుతున్నంతకాలం ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవచ్చు కాబట్టి చూసీచూడనట్టు వదిలేసే సంగతి కాదు. ఒక సర్వీసు సెంటరువాళ్లు ఏకంగా ఎయిర్‌బ్యాగులను నడిపే కంట్రోల్ మాడ్యూలే మార్చాలని అంచనా రాసిచ్చారు. ఆ బిల్లులో చిన్న వంతుకే స్కానర్ వస్తుందని తెలిసి కొనుక్కున్నాను.

కొనేముందు చూడాల్సింది, అది ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థను, అంటే ఎస్‌ఆర్‌ఎస్‌ను చదవగలదా అన్నది. చవక బ్లూటూత్ పరికరాలు చాలావరకు 'పి'తో మొదలయ్యే ఇంజన్ కోడ్ల దగ్గరే ఆగిపోతాయి. ఎయిర్‌బ్యాగ్ కోడ్లు సాధారణంగా 'బి'తో మొదలవుతాయి. అన్ని కార్లకూ పనిచేస్తుందని పెట్టె మీద రాసి ఉన్నా నమ్మకండి. మీ కారు మోడలు, తయారైన సంవత్సరం జాబితాలో ఉన్నాయో లేదో చూడండి.

నా స్కానర్ ఇప్పుడున్న లోపాన్నీ, వచ్చిపోయిన లోపాన్నీ విడివిడిగా చూపిస్తుంది. ప్రతిసారీ ఒకే కోడ్: డ్రైవరు వైపు సైడ్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువ. మాడ్యూల్ లోపల లోపమని ఒక్కసారీ చెప్పలేదు. మా ఆవిడ కారు తీసినప్పుడల్లా దీపం వెలుగుతోందని నేను, నేను తీశాకే అని ఆమె, ఇంట్లో అప్పటికే వాదన నడుస్తోంది. ఆమె సీటు ముందుకు జరుపుకుంటుంది, నేను వెనక్కి తోస్తాను. స్కానర్‌లో అప్పటికప్పుడు కొలతలు చూపే లైవ్ డేటా తెరిచి సీటును మెల్లగా జరిపితే, రెండు ఓంల దగ్గర నిలకడగా ఉన్న రెసిస్టెన్స్ అంకె ఒక్కసారిగా ఎగిసింది. వాదన అక్కడితో ముగిసింది.

సీటు కింద టార్చి వేసి చూస్తే పసుపు కనెక్టర్ కనిపించింది. సీటు పూర్తిగా వెనక్కి పోతే దాని తీగలు బిగుసుకుంటున్నాయి. రోడ్లమీద మోకాళ్లలోతు నీళ్లు నిలిచినప్పుడు లోపలికి చేరిన తడి కాబోలు, కింది కార్పెట్టు ఇంకా చెమ్మగానే ఉంది. అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి కనెక్టర్ విప్పితే, ఒక పిన్ను మీద ఆకుపచ్చ చిలుము! శుభ్రం చేసి, పిన్ను బిగించి, తీగలకు కాస్త వదులిచ్చి కట్టాడు. రాణిగంజ్‌లో విడిభాగాల దుకాణాల చుట్టూ తిరిగే పనే పడలేదు. కార్పెట్టు ఎత్తి ఆరబెట్టడానికే ఎక్కువ సమయం పట్టింది. ఆ తర్వాత దీపం వెలగలేదు.

అంతకుముందు ఒకాయన కనెక్టర్ కోసేసి తీగలు మెలేస్తే సరిపోతుందన్నాడు. ఒప్పుకోకండి. కనెక్టర్ విప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ పొరపాటున పేలకుండా సర్క్యూట్‌ను కలిపి ఉంచే చిన్న పట్టీ అందులోనే ఉంటుంది. మల్టీమీటర్ ముళ్లు ఎయిర్‌బ్యాగ్‌కు నేరుగా ఆనించడం కూడా అంతే ప్రమాదం. స్కానర్‌తో చదవడం వరకే మన పని.

మా తమ్ముడి కారుకూ ఇదే స్కానర్ తగిలించాం. అక్కడ డ్రైవరు ముందున్న ఎయిర్‌బ్యాగ్ కోడ్ వచ్చింది. పైగా హారన్ మోగడం లేదు, స్టీరింగ్ మీది మీటలు పనిచేయడం లేదు. ఈ మూడూ కలిస్తే ముందుగా అనుమానించాల్సింది స్టీరింగ్ వెనకుండే క్లాక్ స్ప్రింగ్‌ను, అంటే స్టీరింగ్ తిరుగుతున్నా తీగల కనెక్షన్ తెగకుండా చూసే చుట్టను. అది మార్చాక అన్నీ సరిపోయాయి.

లోపాలూ ఉన్నాయి. ఎండలో తెర కనబడదు. కొన్ని కోడ్లకు అంకె తప్ప వివరణ ఉండదు. ఏడాది దాటాక అప్‌డేట్లకు డబ్బు కట్టమంటుంది, నేను కట్టదలచుకోలేదు.

పాత కారు కొనేటప్పుడు మాత్రం దీన్ని వెంట తీసుకెళతాను. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసి ఉండొచ్చు. బేరం ఆపి ముందు స్కానర్ తగిలించండి.