చేపకు జబ్బు చేస్తే మందు వేయాల్సింది ఉన్న ట్యాంకులోనా, వేరు ట్యాంకులోనా? ఏది మేలు?

విశాఖలో చేపలు పెంచే మిత్రులు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "చేప ఒంటి మీద తెల్ల చుక్కలు వచ్చాయండీ, ఏ మందు వేయాలి?" మందు పేరు చెప్పగానే దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: "ఉన్న ట్యాంకులోనే వేసేయమంటారా, చేపను వేరే దాంట్లోకి తీయమంటారా?" చాలామంది దీన్ని పోతూపోతూ అడుగుతారు. నాకు మాత్రం ఇదే అసలు ప్రశ్న. సరైన మందైనా చోటు తప్పితే చేప బతకదు, పైగా బాగున్న చేపలు కూడా దెబ్బతింటాయి.

ముందే చెబుతున్నాను, నా మొగ్గు వేరు ట్యాంకు వైపే. అయితే దానికి ఒక షరతు, ఒక మినహాయింపు ఉన్నాయి. ఆ షరతు తీర్చలేని వాళ్లు చేపను ఉన్న చోటే ఉంచడం నయం.

ఉన్న ట్యాంకులో వైద్యానికి అనుకూలమైన విషయాలు లేకపోలేదు. చేపను వలతో తరిమి పట్టుకోనక్కర్లేదు. నెలల తరబడి నడుస్తున్న ఫిల్టర్‌లో, చేపలు వదిలే అమోనియాను మార్చే బ్యాక్టీరియా స్థిరపడి ఉంటుంది. నీళ్లు ఎక్కువ కాబట్టి వేడి, చలి గబుక్కున మారవు. నియాన్ టెట్రాల వంటి గుంపు చేపలు తోటివాటికి దూరం కావు. వాటిని ఒంటరిగా పెడితే మూలకు చేరి తిండి మానేస్తాయి.

చిక్కల్లా ఏమిటంటే, జబ్బు ఒక చేపకైతే మందు అన్నిటికీ పడుతుంది. రాగి కలిసిన మందు రొయ్యలనూ నత్తలనూ చంపేస్తుంది. మలకైట్ గ్రీన్ అనే మందును టెట్రాలు, లోచ్‌లు, పొలుసుల్లేని క్యాట్‌ఫిష్‌లు పూర్తి మోతాదులో తట్టుకోలేవు. మిథిలీన్ బ్లూ అనే నీలి మందు ఫిల్టర్‌లోని మేలు చేసే బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది, మూలల్లోని సిలికాన్‌కు మళ్లీ పోని నీలి రంగు పట్టిస్తుంది. ఉప్పు మొక్కలకు పడదు. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే వేసిన మందును అదే పీల్చుకుంటుంది. దాన్ని ముందుగా తీసేయాలన్న సంగతి హడావిడిలో ఎవరికీ గుర్తుండదు.

మోతాదు దగ్గర ఇంకో తేడా వస్తుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకు లెక్క ప్రకారం 191 లీటర్లు. అడుగున రాళ్లు, పైన వదిలిన ఖాళీ, లోపలి దుంగలు, బొమ్మలు తీసేస్తే నిజంగా ఉండే నీళ్లు 150 లీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. కొలత చూసి 191 లీటర్లకు చుక్కలు లెక్కపెట్టి పోస్తే పావు వంతుకు పైగా మందు అదనంగా పడినట్టే. మలకైట్ గ్రీన్ లాంటి మందుకు ఆ తేడా తక్కువేమీ కాదు.

వేరు ట్యాంకులో ఈ బాధలు లేవు. అంగుళం, రెండంగుళాల చేపలకు అన్ని వైపులా అడుగు చొప్పున ఉన్న గాజు ట్యాంకు చాలు. పది అంగుళాల ఎత్తుకు నింపితే 23 లీటర్ల చిల్లర. పెద్ద గోల్డ్‌ఫిష్ అయితే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కావాలి. అడుగున రాళ్లు వేయకూడదు. దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క, పైన మూత, మసక వెలుతురు ఉంటే సరిపోతుంది. మలకైట్ గ్రీన్ వెలుతురుకు విరిగిపోతుంది కాబట్టి మందు పరంగానూ మసకే మంచిది. అడుగు ఖాళీగా ఉంటే చేప తింటోందా లేదా, మలం తెల్లగా తీగలా వస్తోందా, పురుగులేమైనా బయటపడ్డాయా అన్నవి కళ్ల ముందే కనిపిస్తాయి. మొక్కల మధ్య తిరిగే చేపలో ఇవేవీ తెలియవు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయానికి వస్తాను, అది అమోనియా. అప్పటికప్పుడు బకెట్టులోనో టబ్బులోనో కొత్త నీళ్లు పట్టి చేపను దించితే, చాలాసార్లు దాన్ని చంపేది జబ్బు కాదు, ఈ అమోనియానే. చేప మొప్పల నుంచి అది నిరంతరం వస్తూనే ఉంటుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కొత్త ఫిల్టర్‌లో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. జబ్బు చేపకు అంత గడువు లేదు. అదే చేప వదిలే అమోనియా 150 లీటర్లలో కన్నా 23 లీటర్లలో ఆరు రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. మొప్పలు అప్పటికే పాడై ఉంటే చేప నీటి పైకి వచ్చి గాలి కోసం నోరు తెరుస్తుంది. జబ్బు ముదిరిందనుకుని యజమాని ఇంకో మూత మందు పోస్తాడు. అక్కడ కావలసింది మందు కాదు, మంచి నీళ్లు.

మన ఊరి పరిస్థితులు దీన్ని ఇంకా బిగిస్తాయి. నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది, చేపను చంపేది అందులో ఒకటి. పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత, 7 నుంచి 8కి పెరిగితే ఆ విషరూపం వాటా దాదాపు పది రెట్లు అవుతుంది. వేడి పెరిగినా పెరుగుతుంది. మే నెలలో ఇక్కడ ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటడం మామూలే. దానికి తోడు ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో ఏరి తెచ్చిన గవ్వలు, ఆల్చిప్పలు చాలా ఇళ్ల ట్యాంకుల్లో ఉంటాయి. అవి మెల్లగా కరుగుతూ పీహెచ్‌ను పైకే లాగుతాయి. వేరు ట్యాంకులో అవి ఒక్కటి కూడా ఉండకూడదు.

అందుకే నా షరతు ఒక స్పాంజి. పెద్ద ట్యాంకులో ఓ మూల చిన్న స్పాంజి ఫిల్టర్‌ను జబ్బులు లేని రోజుల్లో కూడా నడిపిస్తూ ఉండాలి. నెలా రెండు నెలలకు అందులో బ్యాక్టీరియా పట్టేస్తుంది. అవసరం వచ్చిన రోజు దాన్ని తీసి వేరు ట్యాంకులో పెట్టి గాలి పంపుకు తగిలిస్తే ఫిల్టర్ సిద్ధం. దాన్ని కుళాయి కింద కడగకూడదు, నీటి సరఫరాలో కలిపే క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. ఇంత చిన్న ఏర్పాటు చేసుకున్న వాళ్లకు నేను కళ్లు మూసుకుని వేరు ట్యాంకే చెబుతాను.

స్పాంజి సిద్ధంగా లేదా? అయితే రోజూ మూడో వంతు నీళ్లు మార్చగలరా అని అడుగుతాను. క్లోరిన్ పోగొట్టిన, అదే వేడిలో ఉన్న నీళ్లు కావాలి. 24 లీటర్లలో 8 లీటర్లు మార్చితే, ఆ 8 లీటర్లకు సరిపడా మందే మళ్లీ కలపాలి, మొత్తానికి కాదు. అమోనియా టెస్ట్ కిట్ చేతిలో ఉండాలి. తిండి బాగా తగ్గించాలి. ఇవేవీ కుదరని వాళ్లు చేపను కదిలించకుండా ఉన్న ట్యాంకులోనే, దానికి సరిపడే మందుతో చూసుకోవడం మంచిది.

మందును బట్టి కూడా స్పాంజి మాట మారుతుంది. మిథిలీన్ బ్లూ వాడితే స్పాంజిలోని బ్యాక్టీరియా కూడా పోతుంది. అప్పుడు స్పాంజి తీసేసి గాలి బుడగలు వదిలే రాయి మాత్రం ఉంచి, నీళ్లు మార్చడం మీదే ఆధారపడాలి. రాళ్ల ఉప్పు అలా కాదు. లీటరుకు 2, 3 గ్రాముల ఉప్పును బ్యాక్టీరియా తట్టుకుంటుంది. అందులోని క్లోరైడు నైట్రైట్‌ను చేప రక్తంలోకి చేరకుండా అడ్డుకుంటుంది కూడా. అందుకే సందేహంలో ఉన్నప్పుడు మొదట ఉప్పు వైపే వెళ్తాను, ఒక్కసారిగా కాకుండా ఒకటి రెండు రోజుల్లో పెంచుతూ. కోరిడోరాస్ లాంటి క్యాట్‌ఫిష్‌ల దగ్గర మాత్రం జాగ్రత్త.

ఇక మినహాయింపు, తెల్లమచ్చల జబ్బు, అంటే ఇక్. ఇక్కడ మచ్చలున్న ఒక్క చేపను తీసి వేరు ట్యాంకులో పెడితే పని అయినట్టు కాదు. మచ్చగా కనిపించేది చేప చర్మం కింద ఉన్న పరాన్నజీవి, అక్కడ ఉన్నంతసేపు దానికి మందు తగలదు. అది పెరిగి, రాలి, అడుగున రాళ్ల మీద గుల్ల కట్టుకుని వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు చేపను వెతుకుతూ ఈదే కాస్త సమయంలోనే మందు పని చేస్తుంది. చేప దొరకకపోతే సుమారు రెండు రోజుల్లో అవే చనిపోతాయి. కాబట్టి దారులు రెండే. అన్ని చేపలనూ వేరు ట్యాంకుకు మార్చి పెద్దదాన్ని రెండు వారాలు ఖాళీగా నడపడం ఒకటి. మొత్తం ట్యాంకుకు వైద్యం చేయడం రెండోది. చేపలు ఎక్కువ, చోటు తక్కువ ఉన్న ఇంట్లో రెండోదే తెలివైన పని. మచ్చలు మాయమైన రోజే మందు ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది, ఇంకో వారం కొనసాగించాలి.

ఇక్‌కు నీళ్లు వేడి చేయమని చాలామంది సలహా ఇస్తారు. వేడిలో ఆ పరాన్నజీవి చక్రం త్వరగా తిరుగుతుంది, మందుకు త్వరగా దొరుకుతుంది, నిజమే. కానీ వేడి నీళ్లు తక్కువ ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి: 25 డిగ్రీల వద్ద లీటరుకు 8.2 మిల్లీగ్రాముల వరకు, 30 వద్ద 7.5 వరకే. విశాఖ వేసవిలో హీటర్ మాట తలపెట్టకండి, గాలి పంపు పెంచండి. జనవరి రాత్రుల్లో మాత్రం చిన్న ట్యాంకు త్వరగా చల్లబడుతుంది, అక్కడ హీటర్ ఉండాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలని కూడా చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక ఈ నగరం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. అలాంటప్పుడు ఒక్క స్పాంజి ఉన్న చిన్న ట్యాంకును బ్యాటరీ మీద నెట్టుకురావచ్చు, 190 లీటర్లది కష్టం.

నోటి చుట్టూ దూదిలా తెల్లగా పట్టి, రెక్కలు చివికిపోయే జబ్బులో వేరు ట్యాంకుకు నేను ఒక్క క్షణం ఆలోచించను. దాన్ని బూజు అనుకుంటారు గానీ ఎక్కువసార్లు అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. వేడి నీళ్లలో వేగంగా పాకుతుంది కాబట్టి మన వేసవిలో మరీ ప్రమాదం. ఇక్ అనుకుని హీటర్ పెంచితే దానికి మనమే సాయం చేసినట్టు. మందుల షాపు నుంచి టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గుళికలు తెచ్చి పెద్ద ట్యాంకులో విప్పి పోసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం ఆ మందును పట్టేసుకుంటాయి, చేపకు అందేది కొంచెమే. మిగిలింది ఫిల్టర్‌ను పాడుచేసి, కాలువలోకి వెళ్లి, మందుకు లొంగని బ్యాక్టీరియాను పెంచుతుంది. యాంటీబయాటిక్ నిజంగా అవసరమైతే చేపల జబ్బులు తెలిసిన పశువైద్యుడిని అడిగి, వేరు ట్యాంకులోనే, వీలైతే తిండిలో కలిపి ఇవ్వాలి.

మిగతా పద్ధతుల గురించి రెండు మాటలు చాలు. గాఢమైన ఉప్పు నీళ్లలో కొన్ని నిమిషాలు ముంచి తీయడం బయటి పరాన్నజీవులకు కొంత పని చేస్తుంది, చేప ఒరిగిపోతే వెంటనే తీయాలి, నీరసపడిన చేపకు అసలు వద్దు. బాదం ఆకు నీటిని కాస్త ఆమ్లంగా చేస్తుంది, బెట్టా చేపలకు హాయి, కానీ ఇక్‌ను తగ్గించదు. వెల్లుల్లి తిండి మీద ఆసక్తి పెంచవచ్చు, అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోను.

కొత్తగా కొన్న చేపలకు కూడా ఇదే వేరు ట్యాంకు వాడండి. చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో సంచుల్లో దూరం ప్రయాణించి వచ్చిన చేపను దుకాణం నుంచి నేరుగా పెద్ద ట్యాంకులో వదలకుండా రెండు నుంచి నాలుగు వారాలు విడిగా ఉంచితే, ఇక్, చేప ఒంటికి అతుక్కునే లంగరు పురుగు లాంటివి అక్కడే బయటపడతాయి.

నయమైన చేపను మందు ఆపిన మరునాడే తిరిగి కలపకండి. మందు లేని నీళ్లలో ఒక వారం ఉండి, తింటూ, రెక్కలు విప్పి తిరుగుతుంటే అప్పుడు మార్చండి. వల, పైపు వేరు ట్యాంకువి వేరుగానే ఉంచండి. చేతికి గాయం ఉంటే ఆ నీళ్లలో పెట్టకండి, చేపల నుంచి మనిషి చర్మానికి అంటే బ్యాక్టీరియా కూడా ఉంది. వైద్యంలో వాడిన స్పాంజిని మాత్రం పెద్ద ట్యాంకులోకి తిరిగి పంపవద్దు. బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ మొదటి నుంచి బ్యాక్టీరియా పట్టించాలి. అందుకే పెద్ద ట్యాంకులో ఒకటి కాదు, రెండు స్పాంజిలు నడుపుకోమంటాను.