అప్పు ఇచ్చే పని ఎక్కడ నేర్చుకోవాలి: కంపెనీలోనా, క్లాసులోనా, సంఘంలోనా?

ఆదోనిలో ఉండే మా చెల్లెలి కూతురు బీకాం పాసై ఇంట్లో ఖాళీగా ఉంది. పోయిన నెల ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మైక్రో ఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్ జాబ్ వచ్చింది. ట్రైనింగ్ వాళ్లే ఇస్తారంట. నాన్నేమో హైదరాబాద్ పోయి గ్రామీణాభివృద్ధి డిప్లొమా చెయ్యమంటున్నాడు. నువ్వేమంటావ్?" అంది.

మూడో దారి ఒకటి సొంత జిల్లాలోనే ఉందని దానికి తట్టలేదు. తట్టకపోవడం దాని తప్పు కాదులెండి. వాళ్లమ్మ పదిహేనేళ్లుగా పొదుపు సంఘంలో ఉంది గానీ, దాన్ని ఒక చదువుగా ఆ ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

నేను కర్నూలు జిల్లాలో సంఘాల పనిలోనే ఇరవై ఏళ్లు గడిపాను. మొదట సంఘాల లెక్కల పుస్తకాలు రాశాను, తర్వాత రాసేవాళ్లకు నేర్పాను. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నా, సంఘం వైపే. కాకపోతే ఆ దారిలో గుంతలెక్కడున్నాయో కూడా నాకే బాగా తెలుసు.

ముందు కంపెనీ ట్రైనింగ్ సంగతి. దాన్ని తీసిపారేయడం సులువు, న్యాయం మాత్రం కాదు. పొద్దున ఏడు గంటలకు మీటింగ్ అంటే ఏడు గంటలకే అక్కడ ఉండాలి. నోట్లు లెక్కపెట్టి, రసీదు రాసి, సాయంత్రానికి బ్రాంచిలో పైసాతో సహా అప్పజెప్పాలి. గ్రూపు కట్టేముందు ఆడవాళ్లను వరసగా కొన్ని రోజులు కూర్చోబెట్టి నిబంధనలు చెప్పాలి, ఆ తర్వాత పైఅధికారి వచ్చి వాళ్లకు పరీక్ష పెడతాడు. ఈ క్రమశిక్షణ మా సంఘాల్లో సగం ఉన్నా నాకు చాలా తలనొప్పులు తప్పేవి. జీతం కూడా మొదటి నెల నుంచే వస్తుంది.

లోపం ఎక్కడంటే, అక్కడ నేర్చుకున్నవాడికి మార్కులు పడేది వసూలు మీద. ఎంతమందికి ఇచ్చావు, ఎంత శాతం రాబట్టావు అని అడుగుతారు. ఎవరికి ఇవ్వకుండా ఆగావు అని అడగరు. దీని ఫలితం మన రాష్ట్రం 2010లో చూసింది. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చి, ఒకరి కంతు కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకునే దాకా వచ్చింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వసూళ్లు పోయి నెలవారీ అయ్యాయి. ఇంటి ముందు కూర్చుని అడగడం కుదరదని, వసూలు పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురూ తిరిగే చోటే జరగాలని పెట్టారు. కంపెనీల వసూళ్లు కుప్పకూలాయి.

తర్వాత రిజర్వు బ్యాంకు నిబంధనలు మారుతూ వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్క ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రో ఫైనాన్స్ అప్పు. ఆ ఇల్లు కట్టే కంతులన్నీ కలిపినా నెల ఆదాయంలో సగం దాటకూడదు. మంచి నిబంధనే. కానీ ఆ ఆదాయం లెక్క వేయాల్సింది ఎవరు? నిన్నగాక మొన్న చేరిన ఇరవై రెండేళ్ల పిల్లాడు. కోసిగి, పెద్దకడుబూరు వైపు చూడండి. వాన తప్పితే ఊళ్లకు ఊళ్లు తాళాలేసుకుని గుంటూరు వైపు పత్తికీ మిరపకాయలకూ సుగ్గికి, అంటే పంట కోతల కూలికి వలస, పోతాయి. ఆ ఇంటికి నెల ఆదాయం అంటే ఏమని రాస్తాడు? సుగ్గిలో చేతినిండా డబ్బు, మిగతా నెలల్లో అరకొర. పన్నెండుతో భాగించి ఒక అంకె వేస్తాడు. అంకె నిబంధనకు సరిపోతుంది, ఆ ఇంటి సంసారానికి సరిపోదు. ఒకసారి ఒక ట్రైనింగులో ఒకావిడ లేచి, "సార్, మీ ఫారంలో సుగ్గి ఎక్కడుంది?" అని అడిగింది. ఆ సారు దగ్గర జవాబు లేదు.

ఇక్కడ గ్రామీణ్ బ్యాంకు గురించి ఒక మాట. బంగ్లాదేశ్‌లో జోబ్రా అనే ఊళ్లో 1976లో ముహమ్మద్ యూనస్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ 42 మందికి ఉన్న బాకీ ఎంతో లెక్క తీస్తే మొత్తం 856 టాకాలు తేలింది. అంత చిన్న మొత్తానికి అంతమంది వడ్డీ వ్యాపారుల కింద నలుగుతున్నారని తెలిశాక మొదలైన పని అది. 1983లో బ్యాంకు అయింది. అక్కడ కొత్తగా చేరినవాళ్లకు తరగతి గది తక్కువ. నెలల తరబడి ఊరి బ్రాంచిలోనే ఉండి, పేద ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల బతుకు కథ రాసుకుని రమ్మనేవారు. మన దగ్గర కంపెనీలు పెట్టినవాళ్లు ఆ అయిదుగురి గ్రూపునూ, వారం మీటింగునూ తెచ్చుకున్నారు. ఆ నెలల్ని మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు.

రెండోది, మా మరిది కోరుకుంటున్న క్లాసు చదువు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. లక్నోలో నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) వాళ్ల సంస్థ 1983 నుంచి ఉంది, గ్రామీణ బ్యాంకింగ్ నేర్పడానికే పెట్టారు. ఇంకా పైకి పోతే ఇటలీలోని ట్యూరిన్‌లో మైక్రో ఫైనాన్స్ మీద ఒక కోర్సు జరుగుతూ వచ్చింది. 1995లో అమెరికాలోని బౌల్డర్ ఊళ్లో మొదలైంది కాబట్టి ఇటలీకి మారాక కూడా ఆ పేరుతోనే పిలిచారు. పేద దేశాల్లో అప్పు సంస్థలు నడిపేవాళ్లు, వాటిని పర్యవేక్షించేవాళ్లు దానికి పోతూ వచ్చారు.

క్లాసులో దొరికేది ఊళ్లో ఎన్నేళ్లున్నా దొరకదు. నా సంగతే చెబుతా. చిన్న అప్పు ఇస్తే పేదరికం పోతుందని నేను పదేళ్లు మైకు పట్టుకుని చెప్పాను. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ల బృందం హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, సగం బస్తీలకు అప్పులు ముందు అందేలా చేసి పోల్చి చూశారని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని కొంచెం పెంచుకున్నారు. ఇంటి ఖర్చు పెట్టే స్తోమతలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఈ ముక్క ముందే తెలిసి ఉంటే మైకులో కొన్ని మాటలు తగ్గించి ఉండేదాన్ని.

ఇంకో పరిశోధన నాకు బాగా నచ్చింది. డొమినికన్ రిపబ్లిక్‌లో అప్పు తీసుకున్న చిన్న వ్యాపారులు కొందరికి పద్ధతి ప్రకారం అకౌంటింగ్ నేర్పారు. ఇంకొందరికి, అంగడి డబ్బు వేరే, ఇంటి డబ్బు వేరే పెట్టుకో లాంటి గుర్తుండే సూత్రాలు చెప్పారు. సూత్రాలు విన్నవాళ్లే బాగుపడ్డారు, అకౌంటింగ్ విన్నవాళ్లలో పెద్ద తేడా కనపడలేదు. మన అవ్వలు బొడ్లో సంచీ ఒకటి, బియ్యం డబ్బాలో మూట ఒకటి పెట్టుకునేది ఎందుకో ఇప్పుడు అర్థమైందా!

అయితే ఈ చదువు ఎవరికి? నాలుగేళ్లు ఊళ్లు తిరిగి, బుర్రలో పది ప్రశ్నలు పేరుకున్నవాళ్లకు. ఖాళీ బుర్రతో పోతే పీపీటీలు నిండుతాయి, అంతే.

నేను కొత్తవాళ్లందరికీ ఒకే లెక్క ఇస్తాను. పది వేల అప్పు, యాభై వారాలు, వారానికి 225 రూపాయలు. వడ్డీ ఎంత? మొత్తం కట్టేది 11,250. కంపెనీ నుంచి వచ్చినవాళ్లు టక్కున "పన్నెండున్నర శాతం" అంటారు. డిప్లొమా చేసినవాళ్లు కంప్యూటర్‌లో వేసి పాతిక పైన వస్తుందని చెబుతారు. సరైన జవాబు అదే. కానీ అది ఎదురుగా కూర్చున్న ఆవిడకు చెప్పమంటే నీళ్లు నములుతారు. ఓర్వకల్లు వైపు సంఘం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఏం చేసిందంటే, యాభై చింతగింజలు నేల మీద పోసి, వారానికొకటి పక్కకు లాగడం మొదలుపెట్టింది. సగానికొచ్చాక ఆగి, "నా చేతిలో మిగిలింది సగం దుడ్డే కదా, వడ్డీ మాత్రం పూరా పది వేలకు కడుతున్నా. అంటే నూటికి రెండు పైనే పడింది. మా ఊరి సావుకారు కూడా అంతే కదా తీసుకునేది!" అంది. ఆమెకు సంతకం తప్ప రాయడం రాదు.

ఆమెకు ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పేదరికం తగ్గించే పథకం ఒకటి నడిచింది. ఓర్వకల్లు మండల సంఘాలు అప్పుడు గట్టిపడినవే. 2000లో సెర్ప్ అనే ప్రభుత్వ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, దాని వెలుగు పథకం వచ్చాయి. సంఘం, పైన గ్రామైక్య సంఘం, ఆ పైన మండల సమాఖ్య. పంచసూత్రాలు అందరికీ నోటికొస్తాయి: క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపల్లోపల అప్పులు, సకాలంలో వాపసు, పుస్తకాల నిర్వహణ. వాటికంటే గొప్ప ఆలోచన, అలా నిలదొక్కుకున్న ఆడవాళ్లనే మాస్టర్లుగా పంపడం. సీఆర్‌పీలు అంటారు. 2011లో జాతీయ జీవనోపాధుల మిషన్ వచ్చాక ఇదే పద్ధతి దేశమంతా పాకింది. మన తెలుగు ఆడవాళ్లు బిహార్ దాకా పోయారు. ఒక రౌండు 45 రోజులు, ఊరికి 15 రోజులు.

ఆ పదిహేను రోజుల్లో ఏం జరుగుతుందో చూస్తే తెలుస్తుంది. ముందు ఎస్సీ కాలనీకి పోతారు, సర్పంచ్ ఇంటికి కాదు. వచ్చిన సీఆర్‌పీ చాప మీద కూర్చుని తన కథే చెబుతుంది. "నేనూ కూలికే పోయేదాన్ని. మొదట తీసుకుంది మూడు వందలు, పిల్లాడి జ్వరానికి" అంటుంది. ఈ మాట ఏ డిప్లొమావాడూ చెప్పలేడు. తర్వాత ఎవరికి ముందు అప్పు ఇవ్వాలో పదిమందితో తేల్చే గొడవ. మైక్రో క్రెడిట్ ప్లాన్ పేరుతో ఒక్కో ఇంటి రాబడి, ఖర్చు, పాత బాకీలు అందరి ముందూ రాస్తారు. అక్కడ సుగ్గి దాగదు, ఎందుకంటే పక్కింటావిడ కూడా ఆ లారీలోనే పోయింది.

ఇక గుంతల సంగతి. పుస్తకాలు వెనకబడతాయి, "తెల్ల కాగితం మీద రాసినాం మేడం, ఎక్కిస్తాం" అనే మాట వెయ్యిసార్లు విన్నాను. బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు, రాగానే ప్లాన్ పక్కన పెట్టి సమానంగా పంచుకుంటారు. అవసరం ఉన్నావిడకూ లేనావిడకూ ఒకటే వాటా. లీడర్ గట్టిదైతే మిగతావాళ్లు తలూపుతారు. కంపెనీ ఆడిటర్ ఉంటే ఇవి సాగవు.

నా తప్పు కూడా ఒకటుంది. ప్యాపిలి వైపు ఒక సంఘం నూటికి నూరు శాతం వాపసు కట్టిందని నేను ప్రతి ట్రైనింగులోనూ ఉదాహరణగా చెప్పేదాన్ని. అందులో ఒకామె బోరు వేయించి, నీళ్లు పడక, మా కంతు కట్టడానికి వారం అప్పుల్లో దిగిందని ఏడాదికి గానీ తెలీలేదు. కట్టిందా అని అడిగానే తప్ప, ఎక్కణ్నుంచి తెచ్చి కట్టావమ్మా అని అడగలేదు. కంపెనీని ఏ విషయంలో తప్పుపట్టానో, నేనూ అదే చేశాను. అప్పటి నుంచి నా క్లాసులో మొదటి ప్రశ్న అదే.

అందుకే మా పిల్లకు మూడూ చెప్పాను, వరస మాత్రం మార్చాను. ముందు మూడు నెలలు వాళ్లమ్మ సంఘంలో కూర్చుని పుస్తకాలు రాయాలి. వీలైతే సీఆర్‌పీల వెంట ఒక ఊళ్లో మకాం వేయాలి. ఆ తర్వాత కంపెనీ జాబ్ అయినా సరే, చేరొచ్చు. జీతం కావాలి కదా, నేనేం ఆదర్శాలు చెప్పడం లేదు. రెండేళ్లయ్యాక డిప్లొమా, అదీ దూరవిద్యలో. మొదటే కంపెనీలో చేరితే వసూలు చేసే కన్నే మిగులుతుంది. ఆ కన్ను మార్చుకోవడం చాలా కష్టం, నేను చూసినవాళ్లలో ఇద్దరో ముగ్గురో మార్చుకున్నారు.

మా మరిదికి కోపం వచ్చింది. "బీకాం చదివించింది డ్వాక్రా పుస్తకాలు రాయడానికా వదినా?" అన్నాడు.

పిల్ల మాత్రం పోయిన వారం మీటింగుకు పోయింది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్. "పెద్దమ్మా, అమ్మ వాళ్ల తీర్మానాల పుస్తకంలో మూడు మీటింగులవి రాయనేలేదు. లెడ్జర్‌లో నాలుగు వందలు తేడా వస్తోంది. అడిగితే అమ్మ కసురుకుంటోంది."

"కసురుకోనీ. ఆ నాలుగు వందలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని, అప్పుడు ఫోన్ చెయ్యి" అన్నాను.