భోపాల్ వెళ్తే శ్యామలా హిల్స్‌కు ఒక రోజు ఉంచుకోండి

భోపాల్ వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది సాంచి, భీంబేట్కా చూసుకుని రైలెక్కేస్తారు. ఊళ్ళోనే, పెద్ద చెరువు పక్కన ఉన్న శ్యామలా హిల్స్ మీద గిరిజన కళకు సంబంధించిన మూడు పెద్ద చోట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. నాకు సాంచి కన్నా ఇవే ఎక్కువ నచ్చాయి.

హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ భోపాల్ మీదుగా పోతాయి. విశాఖ వాళ్ళకు ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉంది. బస విషయంలో నా సలహా ఒకటే: స్టేషన్ దగ్గర దిగొద్దు. మేం మొదట స్టేషన్ ఎదురుగా ఒక లాడ్జిలో దిగాం. రాత్రంతా హారన్ల మోత, పొద్దున వేడినీళ్ళు లేవు. మర్నాడే న్యూ మార్కెట్ వైపు మారాం. అద్దె కాస్త ఎక్కువైనా గది శుభ్రంగా ఉంది, కొండ మీదికి ఆటోలో కొద్దిసేపే. పొద్దున వీధి చివర పోహా, జిలేబీ తిని బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలుండదు.

ముందుగా ఇందిరా గాంధీ రాష్ట్రీయ మానవ్ సంగ్రహాలయ. దాదాపు 200 ఎకరాల ఆవరణ. దేశంలోని రకరకాల తెగల ఇళ్ళు ఆరుబయట నిలబెట్టారు, వాటిని కట్టింది ఆయా తెగలవాళ్ళే. మన మన్యంలోనూ ఒడిశాలోనూ ఉండే సవరల, గదబల ఇళ్ళు కూడా ఉన్నాయి. పురాతన కాలంలో బొమ్మలు వేసిన రాతి గుహలు ఆ ఆవరణలోనే ఉన్నాయి, వాటిని వదిలేయొద్దు. నడక మాత్రం చాలా ఉంటుంది. ఎండాకాలంలో పెద్దవాళ్ళను తీసుకెళ్తే పొద్దున్నే వెళ్ళి రావాలి.

భారత్ భవన్‌ను సాయంత్రానికి ఉంచుకోండి. ఛార్లెస్ కొరియా డిజైన్ చేసిన ఈ భవనాన్ని 1982లో తెరిచారు. కొండవాలులో మెట్లు మెట్లుగా దిగుతుంది, కింద చెరువు. ఇక్కడి కళా విభాగాన్ని మొదలుపెట్టిన చిత్రకారుడు జె. స్వామినాథన్ పట్నం కళాకారుల పనినీ గిరిజనుల పనినీ ఒకే కప్పు కింద పెట్టారు. ఆయన బృందం ఊళ్ళు తిరుగుతూ పాటన్‌గఢ్‌లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే కుర్రాడు గోడ మీద వేసిన బొమ్మలు చూసి భోపాల్‌కు తీసుకొచ్చింది. ఈరోజు మనం గోండు చిత్రం అని గుర్తుపట్టే శైలి ఆ జన్‌గఢ్‌తో మొదలైందే.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది మధ్యప్రదేశ్ గిరిజన మ్యూజియం. 2013లో తెరిచారు, భవనం రేవతి కామత్ డిజైన్. గోండు, భీల్, బైగా, కోర్కూ, భారియా, సహరియా, కోల్ అనే ఏడు తెగల జీవితం ఇక్కడ కనిపిస్తుంది. లోపలికి అడుగుపెడితే మ్యూజియం అన్న సంగతే మర్చిపోతాం. అద్దాల బీరువాల్లో పెట్టిన పాత వస్తువులు కాదు, మట్టి, వెదురు, కర్ర, ఇనుముతో ఆ తెగల కళాకారులే వచ్చి చేసిన పని. పెళ్ళి పందిరి, ధాన్యం గాదె, చనిపోయినవాళ్ళ పేరున నిలబెట్టే స్తంభాలు, మొక్కు తీర్చుకోవడానికి భీల్ ఇళ్ళల్లో వేసే పిఠోరా గుర్రాలు, అన్నీ మనిషి కన్నా ఎత్తున చుట్టూ నిలబడి ఉంటాయి.

గోండుల పెద్ద దేవుడు బడాదేవ్ ఉండేది నల్లమద్ది చెట్టులో. ఆయనను బానా అనే తంత్రీవాద్యం వాయించి పిలిచేది ప్రధాన్‌లు, అంటే గోండుల కథలు పాడే గాయకుల తెగవాళ్ళు. జన్‌గఢ్ కూడా ప్రధానే. మన ఆదిలాబాద్‌లోనూ గోండుల కథలు పాడేది ప్రధానులే కదా. ఆ మాట తలుచుకుంటూ చూస్తుంటే పరాయి రాష్ట్రంలో ఉన్నట్టే అనిపించలేదు.

భూరీబాయి వేసిన గోడ దగ్గర మాత్రం తొందరపడకండి. ఝాబువా వైపు నుంచి వచ్చిన ఈ భీల్ మహిళ భారత్ భవన్ కడుతున్నప్పుడు అక్కడ కూలిపని చేశారు. స్వామినాథన్ ఆమెతో బొమ్మలు వేయించారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. తన బతుకంతా ఆమె ఇక్కడ ఒక పొడవాటి గోడ మీద వేశారు. అడవి, ఇల్లు, కూలిపని, మొదటి బొమ్మ, అన్నీ వరసగా. ఆ ముందు నిలబడ్డాక నాకు కళ్ళు చెమర్చాయి.

చివరగా లిఖందరా గ్యాలరీ. చిన్న గది, గైడ్లు కూడా హడావిడిగా దాటించేస్తారు. ఇక్కడ ‘శలాకా’ పేరుతో నెలకొక గిరిజన చిత్రకారుడి బొమ్మలు ప్రదర్శిస్తారు, అమ్ముతారు కూడా. నా దృష్టిలో ఈ మ్యూజియంలో అన్నిటికన్నా విలువైన గది ఇదే. ‘గోండు కళ’, ‘భీల్ కళ’ అని తెగ పేరు చెప్పి ఊరుకోకుండా ఫలానా ఊరి ఫలానా మనిషి పని అని చూపిస్తారు. బయట షాపుల్లో ప్రింట్లు కొనేకన్నా ఇక్కడ చిన్నదైనా అసలు బొమ్మ కొనండి. జోడేఘాట్‌లో కొమరం భీం మ్యూజియం ఉంది, అరకులో గిరిజన మ్యూజియం ఉంది. వాటిలోనూ ఇలాంటి గది ఒకటి పెడితే ఆదిలాబాద్ కుర్రాళ్ళూ మన్యం పిల్లలూ ఎంతమంది బయటికొస్తారో!

సోమవారం ఈ మ్యూజియమూ మానవ్ సంగ్రహాలయ కూడా మూసి ఉంటాయి. గిరిజన మ్యూజియం తెరిచేది మధ్యాహ్నం 12కే కాబట్టి పొద్దున సంగ్రహాలయ చూసి, భోంచేసి ఇక్కడికి రండి. కనీసం మూడు గంటలు పెట్టుకోండి.